ఎండ చూసి మోసపోకు బిడ్డా

ఆదిలాబాద్

చిరంజీవి బిడ్డకు, పెద్దబాపు ఆశీస్సులు.

డిసెంబర్ సెలవుల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కబోతున్నావని మీ బాపు చెప్పాడు. మీ అమ్మ వద్దంటున్నదట. నేను వద్దనను. అయితే, ‘ఆకాశం తేటగా ఉంటే ఇక భయమెందుకు’ అన్నావట. ఆ మాట మీదే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మన దగ్గర చలికాలంలో మబ్బులేని రాత్రే చలి ఎక్కువ. నేలలోని వేడిని ఆపేందుకు మబ్బు ఉండదు కాబట్టి అదంతా పైకి పోతుంది. అక్కడా అదే లెక్క. పైగా వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆదిలాబాద్ 300 మీటర్ల లోపే. ఆ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. గైడ్ చీకట్లోనే బయల్దేరదీస్తే విసుక్కోకు. రాత్రి గడ్డకట్టిన మంచు తెల్లవారేదాకా గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి కాలు దిగబడుతుంది.

కొండ అంచు వెంట నడిచేటప్పుడు జాగ్రత్త. గాలి ఎగజిమ్మిన మంచు అవతలి వైపు ఇంటి చూరులా బయటికి పెరిగి ఉంటుంది. చూస్తే నేలే అనిపిస్తుంది, కింద ఆధారం ఉండదు. ఫొటో కోసం అటు పోకు, గైడ్ అడుగుల్లోనే నడువు. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. నల్ల కళ్లద్దాలు తీస్తే సాయంత్రానికి కళ్లు మండి తెరవలేవు.

అంత ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా తక్కువ. తలనొప్పి, వికారం మొదలైతే తోటివాళ్లు నవ్వుతారని దాచకు. ఇంకా పైకి పోకు. తగ్గకపోతే కిందికి దిగు. ఎన్ని గంటలకు వెనుదిరగాలో ముందే అనుకుని, శిఖరం కళ్లముందున్నా ఆ వేళకు తిరిగిరా.

మనది ఎండల నేల అని జంకకు. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 14 ఏళ్లు నిండకముందే, 2014 మే 25న, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లే. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడాఖ్ చలిలో శిక్షణ పొందాకే అటు కదిలారు. నీకు కరీంనగర్ పక్కనే ఎల్గందల్ కోట ఉంది. బరువు సంచి వీపున వేసుకుని ఇప్పటినుంచే ఎక్కి దిగు. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అలవాటు చేసుకో.

నడక మొదలయ్యే సాంక్రి ఊరు దాటాక ఫోన్‌ను నమ్ముకోవద్దు. గైడ్ పేరు, నంబరు, తిరిగొచ్చే తేదీ కాగితం మీద రాసి మీ అమ్మ చేతిలో పెట్టి బయల్దేరు.

ఇట్లు,
నీ పెద్దబాపు