పక్క సీటువాళ్లకు తెలియాల్సిన సంగతి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలల కిందట షుగర్ ఉందని మాత్రలిచ్చారు. తగ్గకపోగా మనిషిని సగమయ్యాను. తర్వాత మళ్లీ పరీక్షలు చేసి టైప్ 1 అన్నారు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, బాత్రూంలోకి వెళ్లి వేసుకుంటున్నాను. మీటింగులో షుగర్ పడిపోతే పరువు పోతుందని డోసు కాస్త తగ్గించి, 200 పైనే ఉండేలా చూసుకుంటున్నాను. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. ఇలాగే కొనసాగితే తప్పా? అసలు చిన్నపిల్లలకు వచ్చే జబ్బు నాకెందుకొచ్చింది?

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. టైప్ 1 పిల్లల జబ్బన్నది పాత పేరు వల్ల మిగిలిపోయిన పొరపాటు. ఒకప్పుడు దీన్ని జువెనైల్ డయాబెటిస్ అనేవారు. ఆ పేరు పోయింది గానీ ఆ నమ్మకం పోలేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2022లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో టైప్ 1 ఉన్నవారు దాదాపు 87.5 లక్షల మంది. వారిలో ఇరవై ఏళ్లలోపు వాళ్లు 15 లక్షల చిల్లరే. బ్రిటన్‌లో జన్యువుల ఆధారంగా చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం, అరవై ఏళ్లలోపు టైప్ 1 వచ్చినవారిలో 42 శాతం మందికి అది ముప్పై దాటాకే వచ్చిందని తేల్చింది. పెద్దవాళ్లకు వచ్చినప్పుడు మొదట టైప్ 2గా పొరబడి మాత్రలివ్వడం కూడా మీ ఒక్కరికే జరిగింది కాదు. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన థెరిసా మేకు 2012లో, 56 ఏళ్ల వయసులో, అచ్చంగా ఇలాగే జరిగింది. క్రికెటర్ వసీం అక్రమ్‌కు ఇది బయటపడింది 1997లో, ముప్పై ఏళ్లప్పుడు. వన్డేల్లో ఆయన 500వ వికెట్ తీసింది ఆ తర్వాతే, 2003 ప్రపంచ కప్‌లో. ఇక ఎందుకొచ్చిందంటే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. మీరు తిన్న స్వీట్లకూ దీనికీ సంబంధం లేదు. గాడ్ యాంటీబాడీలు, సి-పెప్టైడ్ పరీక్షలు చేయించారో లేదో మీ ఫైలులో చూసుకోండి. జబ్బు ఏ రకమో తేల్చడానికి ముఖ్యంగా పనికొచ్చేవి అవే.

ఇక అసలు సంగతి. ఆఫీసులో దాచడం, షుగరును 200 పైన ఉంచడం మీకు రెండు వేర్వేరు విషయాలుగా కనిపిస్తున్నాయి. నాకు ఒక్కటిగానే కనిపిస్తున్నాయి: దాస్తున్నారు కాబట్టే ఎక్కువగా ఉంచుకుంటున్నారు. దాని ఖరీదు ఎంతో లెక్క ఉంది. అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 వారిని రెండు జట్లు చేసి, సగటున ఆరున్నరేళ్లు గమనించి, 1993లో ఫలితాలు ప్రకటించారు. డీసీసీటీ అని దాని పేరు. ఒక జట్టు హెచ్‌బిఎ1సి (సగటు షుగరును చూపే పరీక్ష) 7 దగ్గర ఉంది, రెండో జట్టుది 9 దగ్గర. మొదటి జట్టులో కంటి రెటీనా జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం, నరాల జబ్బు 60 శాతం తగ్గాయి. కిడ్నీల దెబ్బ దాదాపు సగానికి తగ్గింది. హెచ్‌బిఎ1సి 9 అంటే సగటు షుగరు సుమారు 212. అంటే మీరు కోరి ఎంచుకున్న అంకె ఓడిపోయిన జట్టుది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదన్నది నిజమే కావచ్చు. రెటీనా దెబ్బతింటున్న తొలి ఏళ్లలో చూపు మామూలుగానే ఉంటుంది.

అయితే మీ భయం వట్టిది కాదు, దాన్ని కొట్టిపారేయను. అదే అధ్యయనంలో షుగరును అదుపులో పెట్టుకున్న జట్టుకు తీవ్రమైన లో షుగర్ మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. నేటి ఇన్సులిన్‌లు, సెన్సర్లు ఆ ముప్పును తగ్గించాయి గానీ పూర్తిగా తీసెయ్యలేదు. ఇక్కడ ఒక నిర్వచనం గమనించండి. తీవ్రమైన లో షుగర్ అని వైద్యులు అనేది మీటరులో ఫలానా అంకె కనిపించినప్పుడు కాదు, తేరుకోవడానికి ఇంకో మనిషి సాయం కావలసి వచ్చినప్పుడు. ఆ ఇంకో మనిషి నిర్వచనంలోనే ఉన్నాడు. ఆ మనిషిని మీ జీవితంలో లేకుండా చేసుకుని జబ్బును అదుపులో పెట్టడం కుదరదు. అప్పుడు మిగిలే దారి మీరిప్పుడు నడుస్తున్నదే: పడిపోతుందన్న భయంతో ఎప్పుడూ ఎత్తులో ఉండటం.

విషయం తెలియనివాళ్ల మధ్య షుగర్ పడిపోతే ఏం జరుగుతుందో చూడండి. 70 కిందికి దిగితే చెమట, వణుకు, గుండెదడ. 54 కిందికి వెళ్తే మెదడుకు ఇంధనం చాలదు: మాట తడబడుతుంది, కోపం వస్తుంది, చేయి పట్టుకుంటే విదిలిస్తారు. చూసేవాళ్లు తాగాడనుకుంటారు. ఫిట్స్ వస్తే మనవాళ్లు చేతిలో తాళాలు పెడతారు, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందరూ మంచివాళ్లే, ఎవరికీ ఏం చేయాలో తెలియదు, అంతే. తెలిసిన మనిషైతే చేయాల్సింది చాలా చిన్న పని. మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటలో మళ్లీ షుగరు చూడాలి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఒంటికి పడుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలు పక్క సీటులో కూర్చునేవారికి, మీ మేనేజరుకు, పీజీలో గదిలో ఉండే స్నేహితుడికి చెప్పండి. ముగ్గురు చాలు. ఊరందరికీ చాటమనడం లేదు. గ్లూకోజు డబ్బా ఏ సొరుగులో ఉందో కూడా చూపించండి.

సెన్సర్ పెట్టుకుంటే అదే మోగుతుంది కదా, మనుషులెందుకు అంటారేమో. కొనగలిగితే తప్పకుండా పెట్టుకోండి. కానీ అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. షుగరు వేగంగా పడేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. పైగా మోగినప్పుడు లేచి ఏదైనా తాగగలిగే తెలివి మీకు ఉండాలి. తరచూ లో షుగర్ వచ్చేవారిలో ఆ చెమట, వణుకు కూడా క్రమంగా మాయమవుతాయి. కొన్ని వారాలు షుగరు పడకుండా చూసుకుంటే ఆ హెచ్చరికలు చాలావరకు తిరిగొస్తాయి. ఉద్యోగానికి ఎసరొస్తుందేమో అన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో టైప్ 1 లేదు. హీమోఫిలియా, తలసేమియా ఉన్నాయి, ఇది లేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కాబట్టి చట్టం అండగా ఉందని మీకు మాటివ్వలేను. కానీ రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. మీరే ముందుగా, స్థిమితంగా, పది నిమిషాల్లో చెప్పిన సంగతి ఒకటి. క్లయింటు ముందు మీరు పొంతన లేకుండా మాట్లాడుతుండగా బయటపడిన సంగతి ఇంకొకటి. ఉద్యోగానికి ఏది ఎక్కువ ప్రమాదం? బీమా దరఖాస్తులో మాత్రం అసలే దాచకండి. అది రేపు క్లెయిమును తిరగ్గొట్టడానికి కారణమవుతుంది.

డోసు పెంచడం మీ డాక్టరుతో కలిసి, మెల్లగా జరగాలి. జయనగర్‌లో కర్ణాటక ప్రభుత్వానికి చెందిన ఎండోక్రినాలజీ సంస్థ ఉంది, అక్కడికైనా వెళ్లవచ్చు. మీ రోజువారీ జీవితానికి సంబంధించి కొన్ని మాటలు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ ఆఫీసులో వేసుకుని బయల్దేరకండి. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంట ఆగిపోతే తిండి ఉండదు, మందు పని చేస్తూనే ఉంటుంది. కంచం ముందుకొచ్చాకే సూది. బండి తీసేముందు మీటరు చూసుకోండి. రాగిముద్ద ఎంత తిన్నా ఫరవాలేదన్న మాట నమ్మకండి. వంద గ్రాముల రాగిపిండిలోనూ 70 గ్రాముల దరిదాపుల్లో పిండిపదార్థమే, బియ్యంలో 78 దాకా ఉంటుంది. ముద్ద సైజును బట్టి యూనిట్లు లెక్కేయాల్సిందే. వేసవిలో అనంతపురం వెళ్లేటప్పుడు ఇన్సులిన్‌ను బస్సు డిక్కీలో సామానుతో పెట్టకండి, చేతి సంచిలో మీ దగ్గరే ఉండాలి. సీసా మందుకు మారితే సిరంజి చూసి కొనండి: మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత. తారుమారైతే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఉపవాసమైనా, వాంతులవుతున్నా రోజంతా పనిచేసే ఇన్సులిన్ మాత్రం మానకూడదు. మానితే కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. ప్రకృతి వైద్యంతో, డైట్‌తో షుగర్ పోయిందని మీరు చూసే వీడియోలు చాలావరకు టైప్ 2 వారివి. మీకు వర్తించవు.

ప్రశ్న: మా అమ్మాయికి 27. బెంగళూరులో ఉద్యోగం. టైప్ 1 ఉంది, బాగానే చూసుకుంటుంది. సంబంధాలు చూస్తున్నాం. పెళ్లయ్యాక మెల్లగా చెప్పవచ్చని బంధువులంటున్నారు. చెబితే ఒక్క సంబంధమైనా నిలుస్తుందా? - ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: కొన్ని నిలవవమ్మా. ఆ బాధ తక్కువ చేసి చెప్పను. కానీ పైన రాసినదంతా మీ అమ్మాయికీ వర్తిస్తుంది. షుగరు నిద్రలో కూడా పడిపోతుంది, అప్పుడు పక్కన ఉండేది భర్తే. కొత్తింట్లో దాచడమంటే సూదులు తప్పించడం, పెట్టిన స్వీటల్లా తినడం, పూజ అయ్యేదాకా ఉపవాసం ఉండటం. బాగా చూసుకుంటున్న అమ్మాయి ఆర్నెల్లలో ఆ అదుపు పోగొట్టుకుంటుంది. చట్టం సంగతి కూడా ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్, ముఖ్యమైన విషయంలో మోసగించి ఒప్పించారన్న కారణంతో పెళ్లి రద్దు కోరే వీలిస్తుంది. జబ్బు దాచడం అందులోకి వస్తుందో రాదో కోర్టు తేల్చేలోపు నలిగిపోయేది మీ అమ్మాయే.

వాళ్లు అడగబోయేది పిల్లల గురించి. సూటిగా చెప్పండి: ముందుగా డాక్టరును కలిసి, గర్భానికి ముందే హెచ్‌బిఎ1సి వీలైతే 6.5 కిందికి తెచ్చుకుంటే ఆరోగ్యంగా పిల్లల్ని కనవచ్చు. బిడ్డకు టైప్ 1 వచ్చే అవకాశం తల్లికి ఉంటే నూటికి ఒకటి నుంచి నాలుగు, తండ్రికి ఉంటే ఆరు దాకా. అంటే అబ్బాయికి ఉండి ఉంటే ఎక్కువయ్యేది. జాతకాలు ఇచ్చే రోజునే చెప్పనక్కర్లేదు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చాక, తాంబూలాలకు ముందు చెప్పాలి. చెప్పేది మీరో, మధ్యవర్తో కాకుండా మీ అమ్మాయే అయితే మంచిది. ఏ హోటల్లోనో ఇద్దరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఇన్సులిన్ పెన్ను తీసి, అతని ఎదుటే వేసుకుని, ఇదెందుకో తనే వివరించనివ్వండి.