సైనికులు యోహానును అడిగిన ప్రశ్న



ఆగమన కాలపు మూడవ ఆదివారం, 'సి' సంవత్సరంలో, లూకా సువార్త మూడవ అధ్యాయం చదువుతాం. యొర్దాను ఒడ్డున స్నాపక యోహాను బోధిస్తుండగా ప్రజలు వచ్చి "మేమేం చేయాలి?" అని అడుగుతారు. సుంకరులూ అడుగుతారు. చివరికి సైనికులు కూడా అదే అడుగుతారు. ఉద్యోగం మానెయ్యమని యోహాను వారితో అనలేదు. బెదిరించి ఎవరి దగ్గరా ఏమీ గుంజుకోవద్దన్నాడు, తప్పుడు నేరం మోపవద్దన్నాడు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఈ మూడు మాటలూ మన ప్రాంతాన్ని చూసి చెప్పినట్లే ఉంటాయి.

1988లో వరంగల్లు నుండి వేరుపడి ఏర్పడిన మన ఖమ్మం మేత్రాసనానికి తూర్పున అంతా అడవి. భద్రాచలం దాటితే ఒక వైపు ఛత్తీస్‌గఢ్, ఇంకాస్త దూరాన ఒరిస్సా. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. ఎల్లలు మారినా అడవి ఒకటే, అడవిలోని భయమూ ఒకటే. రాత్రి వచ్చి అన్నం పెట్టమన్నవారికి పెట్టకపోతే ఒక ప్రమాదం. పెడితే తెల్లవారి స్టేషనుకు పిలుపు. ఎవరితో ఏం మాట్లాడినా "ఇన్ఫార్మరు" అనే ముద్ర. ఆ ముద్ర పడ్డవాని శవం దారి పక్కన చీటీతో కనిపించిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. ఊరివాళ్ళు "అన్నలు" అన్నారు, పత్రికలు "తీవ్రవాదులు" అన్నాయి. ఏ పేరు పెట్టినా మధ్యన నలిగినది కోయ గూడెం.

దీని మూలాలు కొత్తవి కావు. అడవి చట్టాలు భరించలేక 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచింది. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడినప్పుడు కూడా భూమి, అటవీ సిబ్బంది మామూళ్ళు, వడ్డీ వ్యాపారం పెద్ద కారణాలు. ప్రభుత్వం 1989లో గ్రేహౌండ్స్ దళాన్ని నెలకొల్పింది. దాన్ని తీర్చిదిద్దిన పోలీసు అధికారి వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాదులో కాల్చి చంపారు. ఆ తరువాతి లెక్క మీకు తెలిసినదే. చంపినవారూ చచ్చినవారూ ఎక్కువభాగం పేద తల్లుల బిడ్డలే.

శ్రీసభ ఏమంటుంది? కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2297వ పేరాలో అపహరణను, ఉగ్రవాదాన్ని, చిత్రహింసలను ఒకే చోట ఖండిస్తుంది. ఇది గమనించండి. మందుపాతర పెట్టడం పాపమని ఒప్పుకునేవారు లాకప్పులో కొట్టడం "డ్యూటీ" అనుకుంటారు. లాకప్పు హింసను తిట్టేవారు ఇన్ఫార్మరు హత్యకు సాకు వెతుకుతారు. సత్యోపదేశం ఆ సౌకర్యం ఎవరికీ ఇవ్వదు. తరువాతి పేరాలో శ్రీసభ తన గతాన్ని కూడా ఒప్పుకుంటుంది: పూర్వం ప్రభుత్వాలు క్రూరమైన పద్ధతులు వాడినప్పుడు కాపరులు తరచు అభ్యంతరం చెప్పలేదని. అయితే ఇతరుల ప్రాణానికి బాధ్యులైనవారు దుర్మార్గుణ్ణి నిలువరించడం హక్కే కాక కర్తవ్యమని 2265వ పేరా చెబుతుంది. కనుక మన ఇంటి అబ్బాయి కానిస్టేబులైతే సిగ్గుపడనక్కరలేదు. యోహాను చెప్పిన మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు.

1979 సెప్టెంబరులో రెండవ జాన్‌పాల్ జగద్గురువులు ఐర్లాండులోని ద్రోహెడాలో, హింసామార్గం పట్టినవారిని మోకరిల్లి వేడుకుంటున్నానని అన్నారు. వారు వెంటనే వినలేదు. ఒప్పందం కుదిరేసరికి 1998 వచ్చింది. మన రాష్ట్రంలో ఎస్. ఆర్. శంకరన్ అనే ఐ.ఏ.ఎస్. అధికారి ఉండేవారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో నక్సలైట్లు ఆయనను, మరికొందరు అధికారులను అపహరించి తరువాత విడిచిపెట్టారు. ఆయన పగ పెంచుకోలేదు. పౌర స్పందన వేదికలో చేరి ఇరువర్గాలనూ మాటలకు పిలిచారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి, నిలబడలేదు. అయినా ఆ ప్రయత్నం వృథా అని నేననను.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. గిరిజన యువకుల చేతికే తుపాకులిచ్చి గిరిజనుల మీదికి పంపారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి గారున్నారు. అప్పటికే వేలమంది గొత్తికోయలు మన అడవుల్లోకి పారిపోయి వచ్చారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికే హక్కు. వీరిలో చాలామంది ఆ తేదీ తరువాత వచ్చినవారు. పోడు కొట్టారు, అధికారులు మొక్కలు నాటారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది. తన పని తాను చేసుకుంటున్న మనిషిని చంపడం హత్యే. భూమి కథ చెప్పి దాన్ని కడగలేం. కాని భూమి కథ వినకుండా మరో హత్యను ఆపనూ లేం.

ఇప్పుడు కాలం మారింది. 2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా చనిపోయారు. ఎందరో లొంగిపోయారు. తుపాకి మోత తగ్గింది, ఇంకో సరుకు దారి పట్టింది. మల్కన్‌గిరి వైపు నుండి భద్రాచలం మీదుగా హైదరాబాదుకు పోయే గంజాయి సంగతి మీకు తెలియనిది కాదు. దొంగ మన ఇంటికి ఈసారి జెండాతో రాడు, మోటారు సైకిలుతో వస్తాడు. "ఒక్క ట్రిప్పు, బ్యాగు దించి రా" అంటాడు. ఆ సంచిలో 20 కిలోలు దాటితే చట్టం ప్రకారం పదేళ్ళకు తక్కువ కాని కఠిన కారాగారం, బెయిలు దొరకడం బహు కష్టం. సరుకు యజమాని ఎక్కడో ఉంటాడు, జైల్లో ఉండేది మోసినవాడు. తల్లిదండ్రులారా, కొడుకు చేతికి కొత్త ఫోను వస్తే ధర అడగకండి, డబ్బెక్కడిదని అడగండి.

పోలీసులు ఎవరినైనా తీసుకువెళితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. అరెస్టుకు కారణం చెప్పాలి. బంధువులకు తెలియజేయాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలపాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం, 1996లో డి. కె. బసు కేసులో సుప్రీంకోర్టు మరింత వివరించింది. వకీలు ఖర్చు లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. విచారణ గురువుల దగ్గరికి పరుగెత్తడం మంచిదే, కాని ఆ కాగితం ముందు రాయండి.

లొంగిపోయి ఊరికి తిరిగి వచ్చినవారి ఇంటి గడప తొక్కడానికి కొందరు జంకుతారు. వచ్చే వారం మీ కుటుంబ ప్రార్థన కూటాన్ని అలాంటి ఇంట్లో పెట్టుకోండి. లూకా 3:10-14 చదవండి. సెలవు మీద వచ్చిన పోలీసు అబ్బాయి ఎవరైనా ఉంటే అతణ్ణీ పిలవండి, ముందు అతణ్ణే మాట్లాడనివ్వండి.