మాస్టారు పోసిన గ్లాసు



రామచంద్రపురం చుట్టుప్రక్కల పల్లెలలో సంక్రాంతికి, విచారణ పండుగలకు, వేసవి సెలవులకు వాలీబాల్, కబడ్డీ పోటీలు పెట్టటం మీకు తెలిసినదే. ఆట సాయంత్రానికి ముగుస్తుంది. అటు తరువాత గెలిచిన జట్టు గెలిచినందుకు, ఓడిన జట్టు ఓడినందుకు ఏ కొబ్బరితోటలోనో, కాలువ గట్టు మీదనో కూర్చుంటుంది. సీసా వస్తుంది. ఆట నేర్పిన మాస్టారు కూడా అక్కడే ఉంటారు. కొన్నిచోట్ల డబ్బు పెట్టేది కూడా ఆయనే. ఇదేమిటండీ అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "కుర్రాళ్ళు కలిసిమెలిసి ఉండాలంటే ఇలాంటివి ఉండాలండి. గ్రౌండులో నన్ను చూసి భయపడతారు, ఇక్కడైతే మనసు విప్పి మాట్లాడతారు."

ఈ జవాబును తేలికగా తీసిపారవేయకండి. చెప్పేవారు చెడ్డవారు కారు. జట్టు బాగుండాలనే చెబుతున్నారు. అందుకే అందులో నిజమెంత, కానిదెంత అని ఈ వారం పరిశీలిద్దాము.

మొదట నిజమున్న చోటును ఒప్పుకుందాము. 2012లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలను ప్రచురించారు. ఒకరికొకరు తెలియని 720 మంది యువతీయువకులను ముగ్గురేసి చొప్పున బల్లల చుట్టూ కూర్చోబెట్టారు. కొన్ని గుంపులకు మద్యము కలిపిన పానీయము, కొన్నిటికి కలపనిది ఇచ్చి వారి ముఖాలను, మాటలను గమనించారు. మద్యము త్రాగిన గుంపులలో నవ్వులు ఎక్కువగా కలిసాయి, ముగ్గురూ మాటలో పాలుపంచుకోవటం ఎక్కువైంది, ఒకరికొకరు దగ్గరయ్యామన్న భావము కూడా పెరిగింది. కాబట్టి "త్రాగితే బిగువు సడలుతుంది" అనే మాట ఉత్త బుకాయింపు కాదు.

కాని ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడండి. ముగ్గురూ సమానులు. ఒకరి చేతిలో ఇంకొకరి భవిష్యత్తు లేదు. రేపు ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచి మీద కూర్చోబెట్టాలి, ఎవరి పేరు జిల్లా జట్టుకు పంపాలి అని నిర్ణయించే మనిషి ఆ ముగ్గురిలో లేడు. మన కొబ్బరితోటలో మాత్రము ఉన్నాడు! ఆయనే గ్లాసు అందిస్తున్నాడు. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

పంతొమ్మిదేళ్ళ కుర్రవాడిని ఊహించుకోండి. స్పోర్ట్సు కోటాలో పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగము వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు. ఆ ఆశ సగము మాస్టారి చేతిలో ఉన్నదని వాడి నమ్మకము. మాస్టారు నవ్వుతూ, "ఏరా, ఒక్క గుక్కకి ఏమవుద్దిరా!" అన్నారు. ప్రక్కనున్నవారు నవ్వారు. వాడు "వద్దండి" అనగలడా? అన్నాడే అనుకోండి, వచ్చే ఆదివారము వాడిని బెంచి మీద కూర్చోబెడితే, అది ఆట బాగాలేకనా, ఆ రాత్రి గ్లాసు పట్టనందుకా? మాస్టారు ఎంత న్యాయంగా ఎంపిక చేసినా వాడి మనసులో ఆ ప్రశ్న మిగిలిపోతుంది. భయము పోగొట్టటానికి పెట్టిన విందు క్రొత్త భయాన్ని పుట్టించింది. ఈ సంగతి మాస్టారికి ఎవరూ చెప్పరు. అందుకే ఆయనకు తెలియదు.

"నేను బలవంతము చేయలేదండీ" అంటారు చాలామంది. నిజమే కావచ్చు. కాని పైచేయి ఉన్నవాడు అడిగినదాన్ని క్రిందివాడు కాదనలేనప్పుడు, అడగటమే బలవంతము. తండ్రి కొడుకును అడిగినా, యజమాని కూలీని అడిగినా ఇంతే. ఇది మీకు క్రొత్త విషయమేమీ కాదు.

వయసు సంగతి కూడా చూడాలి. మన రాష్ట్రములో 21 ఏళ్ళు నిండనివారికి మద్యము అమ్మకూడదు. ఇక 18 ఏళ్ళు నిండని పిల్లలకు ఇవ్వటము గురించి 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను కఠినంగా ఉన్నది. డాక్టరు చెబితే తప్ప పిల్లలకు మత్తు పానీయము ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. హైస్కూలు జట్టుకు, ఇంటర్మీడియెట్ పిల్లలకు ఆట నేర్పేవారు ఈ సెక్షనును ఒకసారి చదవటం మంచిది. "సరదాకి ఇచ్చానండి" అనే మాటకు అందులో చోటు లేదు.

ఇప్పుడు కొంచెము దూరము వెళ్ళి వద్దాము. ఈ ప్రశ్నకు ప్రపంచ క్రీడలో అందరికీ తెలిసిన ఉదాహరణ లండనులోని ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు. 1980ల చివర, 1990ల మొదట ఆ జట్టు ఆటగాళ్ళు మంగళవారము శిక్షణ ముగియగానే కలిసి త్రాగటానికి వెళ్ళేవారు. బుధవారము సెలవు కనుక. దానికి "మంగళవారపు క్లబ్బు" అని ముద్దుపేరు కూడా వచ్చింది. నిజాయితీగా చెప్పుకోవాలంటే ఆ జట్టు 1989లోను, 1991లోను ఇంగ్లండు లీగు గెలిచింది. త్రాగుబోతులు గెలవలేరని నేను చెబితే మీరు ఈ రెండు సంవత్సరాలను నా ముఖాన కొట్టవచ్చు.

కాని లోపల ఏమి జరుగుతున్నదో చూడండి. జట్టు నాయకుడు టోనీ ఆడమ్స్ త్రాగి కారు నడిపిన నేరానికి 1990 డిసెంబరులో జైలుకు వెళ్ళాడు. విడుదలై వచ్చాడు, ఆడాడు, లీగు గెలిచాడు, త్రాగుడు మాత్రము మానలేదు. సహ ఆటగాడు పాల్ మెర్సన్ 1994లో తన వ్యసనాన్ని బహిరంగముగా ఒప్పుకున్నాడు. ఆడమ్స్ 1996 సెప్టెంబరులో తాను మద్యానికి బానిసనని జట్టు సభ్యుల ముందు చెప్పాడు. ఇన్నేళ్ళూ వారంవారం ప్రక్కనే కూర్చుని త్రాగినవారు, ప్రాణమిచ్చే స్నేహితులు, తమ నాయకుడు మునిగిపోతున్నాడని పట్టించుకోలేకపోయారు. ఎందుకంటే అందరి చేతిలోను అదే గ్లాసు ఉన్నది. అందరూ త్రాగే చోట రోగికి, సరదాగా త్రాగేవాడికి తేడా కనబడదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మనసు విప్పే బల్ల అన్నారు కదా, ఆ బల్ల దగ్గరే ఆ మనిషి తన మనసును అన్నేళ్ళు దాచుకున్నాడు.

అదే 1996లో ఫ్రాన్సు దేశస్థుడైన ఆర్సేన్ వెంగర్ మేనేజరుగా వచ్చాడు. తిండి మార్చాడు, శిక్షణ మార్చాడు, త్రాగుడు అలవాటును తగ్గించాడు. ఆటగాళ్ళు మొదట గొణిగారు. 1998లో అదే ఆడమ్స్ నాయకత్వములో, మందు ముట్టని ఆడమ్స్ నాయకత్వములో, ఆర్సెనల్ లీగును, ఎఫ్.ఏ. కప్పును ఒకే ఏడాది గెలిచింది. 2002లో మళ్ళీ రెండూ గెలిచింది. సీసా లేకపోతే జట్టు విడిపోతుందని భయపడేవారు ఈ రెండు సంవత్సరాలను కూడా గుర్తుంచుకోవాలి. ఆడమ్స్ 2000లో వ్యసనపరులైన క్రీడాకారుల కొరకు ఒక చికిత్సాలయము స్థాపించాడు.

ఇంకొక సంగతి. త్రాగే బల్ల కొందరిని కలుపుతుంది, కొందరిని బయట నిలబెడుతుంది. 2022 జనవరిలో హోబార్టులో యాషెస్ సిరీస్ గెలిచిన ఆస్ట్రేలియా క్రికెటర్లు వేదిక మీద షాంపేను చల్లుకోబోతున్నారు. ముస్లిమైన ఉస్మాన్ ఖవాజా ప్రక్కకు తప్పుకున్నాడు. కెప్టెన్ ప్యాట్ కమిన్స్ అది గమనించాడు. సీసాలు ఆపించి, ఖవాజాను పైకి పిలిచి, తమతోపాటు నిలబెట్టుకున్నాడు. చిన్న సంగతే, కాని నాయకుడంటే ఎవరో అందులో కనిపిస్తుంది. జట్టులో ఎవరు దూరముగా నిలబడ్డారని చూసేవాడు.

మన తెలుగుగడ్డ మీద ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉన్నది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం మాస్టారు (ఆయన నిజంగానే బడిపంతులు) శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందింది. జకార్తాలో 1962 నాటి జట్టును చూడండి: సర్దారు జర్నైల్ సింగ్, హైదరాబాదు కుర్రవాడు యూసుఫ్ ఖాన్, సికింద్రాబాదు బలరాం, గోవా మూలాలున్న ఫ్రాంకో, బెంగాలీలు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ. మతాలు వేరు, భాషలు వేరు, తిండి వేరు. ఇలాంటివారిని ఒక్కటి చేయాలంటే అందరూ కూర్చోగలిగిన చోట కూర్చోబెట్టాలి. మన రామచంద్రపురము జట్టులో కూడా హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఉంటారు. తండ్రి త్రాగి తల్లిని కొట్టటము చూసి పెరిగిన కుర్రవాడు ఉంటాడు. తపస్సుకాలములో మందు ముట్టనని మ్రొక్కుకున్నవాడు ఉంటాడు. వాళ్ళందరినీ బయట నిలబెట్టే బల్లకు "ఐకమత్యము" అని పేరు పెట్టకండి.

ఆ త్రాగే తండ్రి ఇల్లు మన రాష్ట్రములో ఒక్క ఇల్లు కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమము 1992లో రాష్ట్రమంతటా ప్రాకింది. 1993లో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో ఎత్తివేశారు. చట్టము వచ్చింది, పోయింది. ఆ ఆడవాళ్ళు చెప్పిన బాధ మాత్రము పోలేదు. మద్యము మన పల్లెలలో ఎవరింట్లో ఏ గాయాన్ని గుర్తుచేస్తుందో గ్లాసు పోసే మాస్టారికి తెలియకపోవచ్చు.

శరీరము సంగతి క్లుప్తముగా చెబుతాను, ఎందుకంటే ఆటగాళ్ళకు అది ఇప్పటికే తెలుసు, వినరు అంతే. మన గాలి ఉక్కగాలి. రెండు గంటలు ఆడినవాడు చెమట రూపములో చాలా నీరు పోగొట్టుకుంటాడు. మద్యము మూత్రాన్ని పెంచి ఉన్న నీటిని కూడా బయటకు తోస్తుంది. నిద్ర పట్టినట్లే ఉంటుంది గాని గాఢముగా ఉండదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక పరీక్షలో, వ్యాయామము తరువాత బాగా ఎక్కువ మోతాదులో మద్యము త్రాగినవారిలో కండరము తనను తాను బాగుచేసుకొనే పని తగ్గిపోయింది. మంచి మాంసకృత్తులు తీసుకున్నా 24 శాతము, తీసుకోకపోతే 37 శాతము. అంటే పొద్దుటి శ్రమలో ఒక భాగము రాత్రికి కాలువలో కలిసింది.

మరి మన వేదము ఏమంటున్నది? మద్యము ముట్టటమే పాపమని శ్రీసభ బోధించదు. కానా పెండ్లిలో ప్రభువు నీటిని ద్రాక్షారసముగా మార్చారు. ప్రతి దివ్యబలిపూజలోను ద్రాక్షారసము పీఠము మీద ఉంటుంది. ఈ మాటను అడ్డుపెట్టుకొనేవారు మన విచారణలలో తక్కువేమీ కాదు! వారు సీరా జ్ఞానగ్రంథము 31వ అధ్యాయాన్ని కూడా తెరవాలి. మితముగా త్రాగిన ద్రాక్షారసము ఆనందమిస్తుందని అక్కడ ఉన్నది. త్రాగి మగతనము నిరూపించుకోవద్దని కూడా అక్కడే ఉన్నది. "మగాడివి కాదా" అని కుర్రవాడిని రెచ్చగొట్టేవారికి అంతకంటే సూటి జవాబు లేదు.

పునీత పౌలుగారికి ఆటలు బాగా తెలుసు. ఆయన సంఘము స్థాపించిన కొరింతు పట్టణానికి దగ్గరలోనే రెండేళ్ళకొకసారి గొప్ప క్రీడోత్సవాలు జరిగేవి. అందుకే కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయములో పరుగు పందెము, ముష్టియుద్ధము, వాడిపోయే కిరీటము కొరకు క్రీడాకారుడు పాటించే నిగ్రహము కనబడతాయి. కాని కోచ్‌లకు నేను చూపించేది అది కాదు. రోమీయులకు వ్రాసిన లేఖ 14వ అధ్యాయము. నాకు త్రాగే స్వేచ్ఛ ఉన్నదా అని పౌలుగారు అక్కడ ఆగిపోరు. నా స్వేచ్ఛ వలన ప్రక్కనున్న బలహీనుడు పడిపోతాడా అని అడుగుతారు. పడిపోయేటట్లయితే మానుకోమంటారు. పదిహేనుమంది కుర్రవాళ్ళలో వ్యసనపు విత్తనము ఎవరిలో ఉన్నదో మాస్టారు చెప్పగలరా? చెప్పలేనప్పుడు పదిహేనుమందికీ పోయటము ఎలా? 2018లో క్రీడల గురించి వాటికను విడుదల చేసిన పత్రము కూడా శిక్షకులను పిల్లలను తీర్చిదిద్దే గురువులుగానే చూస్తుంది.

శిష్యులను అదుపులో పెట్టే గురువు ముందు తనను అదుపులో పెట్టుకోవాలి. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన తరువాత, తాను త్రాగని శీతల పానీయానికి ప్రకటన ఇవ్వనని పెద్ద మొత్తాన్ని వదులుకున్నారు. అదే మనిషి 2016 రియో ఒలింపిక్సుకు ముందు మూడు నెలలు పి.వి. సింధు దగ్గర ఫోను లేకుండా చేశారు, అక్కడికి వెళ్ళాక ఐస్‌క్రీము కూడా మాన్పించారు. వెండి పతకము వచ్చాక, ఇక ఫోను తీసుకోవచ్చు, ఐస్‌క్రీము తినవచ్చు అని నవ్వుతూ చెప్పారు. మన జిల్లా అమలాపురము బిడ్డ సాత్విక్ సాయిరాజ్ కూడా ఆయన అకాడమీలో ఎదిగి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చినవాడే. గురుశిష్యుల మధ్య దగ్గరతనానికి ఒక ఐస్‌క్రీము చాలింది.

కాబట్టి విచారణ యువత పోటీలు పెట్టే పెద్దలకు కొన్ని మాటలు. కుర్రవాళ్ళు మనసు విప్పాలన్న మాస్టారి కోరిక మంచిదే, దానికి చోటు చూపించండి. ఆట ముగిశాక అందరూ ఒకే పంక్తిలో కూర్చొని వేడి అన్నము, చేపల పులుసు తినే ఏర్పాటు చేయండి. వడ్డించేది మాస్టార్లే అయితే ఇంకా మంచిది, ఆ రోజు కుర్రవాళ్ళు ధైర్యముగా మాట్లాడతారు. బహుమతి డబ్బు ఇచ్చేటప్పుడు అందులో "పార్టీ ఖర్చు" కలపకండి. త్రాగే అలవాటున్న మాస్టారు ఆ రాత్రి శిష్యులతో కూర్చోకూడదని ముందే, పోటీలకు పేర్లు వ్రాసుకొనేటప్పుడే, మొహమాటము లేకుండా చెప్పండి. వద్దన్న కుర్రవాడిని కారణము అడగవద్దని కూడా చెప్పండి. ఆఖరి బస్సు ఎన్ని గంటలకో కనుక్కొని, పొరుగూరి పిల్లలను ఎక్కించిన తరువాతనే నిర్వాహకులు ఇళ్ళకు వెళ్ళాలి.