పెరటి పందిరి క్రింద వివాహము

చదువవలసిన భాగములు: యోహాను 2:1–11, లూకా 14:12–14, 28–30

2021 మే నెలలో, కోవిడ్ రెండవసారి చెలరేగిన దినములలో, ఢిల్లీయందు వివాహములను గూర్చి ఒక ఉత్తరువు వెలువడెను. పెండ్లి ఇంటిలో గాని న్యాయస్థానములో గాని మాత్రమే జరుగవలెను. 20 మందికి మించి కూడరాదు. షామియానాలు, మైకులు, కిరాయి వంటవారు ఎవ్వరును, ఏవియు ఉండరాదు. అంతకు ఆరు నెలల క్రిందట, 2020 నవంబరులో, 200 గా ఉన్న అతిథుల పరిమితి 50 కి తగ్గింపబడియుండెను. ఆ ఆంక్షలు ఎప్పుడో తొలగిపోయినవి. అయినను అవి ప్రతి కుటుంబము ఎదుట ఒక ప్రశ్నను ఉంచిపోయినవి: కిరాయికి తెచ్చుకొన్నదంతయు తీసివేసినయెడల పెండ్లిలో మిగులునదేమి? వధూవరులు, వారి ప్రమాణములు, కాపరి, సాక్షులు, ఆత్మీయులు. ఏ నిర్బంధమును లేకయే అట్టి చిన్న వివాహమును కోరుకొను కుటుంబము కొరకు ఈ పాఠము.

కానా వివాహము సాధారణముగా అద్భుతము కొరకే చదువబడును. పనివారి కొరకు దానిని మరియొకసారి చదువుట మంచిది. ఆరు రాతిబానలు, ఒక్కొక్కదానికి రెండు మూడు తూముల చొప్పున, నేటి కొలతలో మొత్తము సుమారు 470 నుండి 700 లీటర్ల నీరు. అది కొళాయి త్రిప్పగా వచ్చినది కాదు. ఎవరో మోసి తెచ్చిరి. విందు ప్రధానికి రుచి మాత్రమే తెలిసెను; దాని వెనుకటి సంగతి నీళ్లు తోడిన పరిచారకులే ఎరిగియుండిరి. కొరతను కనిపెట్టి చెప్పినది ఒక తల్లి. వధువు పేరు గాని వరుని పేరు గాని సువార్తలో లేదు. పనిచేసినవారు మాత్రము మరువబడలేదు.

తెలుగు పల్లెలలో పెండ్లి పందిరి అనగా పదిమంది పని. ఒకరు గుంజలు పాతుదురు, ఒకరు తాటాకులు పరతురు, మామిడి తోరణము కట్టుట పిల్లల పాలు. గుండిగలును గంగాళములును నాలుగిండ్లనుండి వచ్చును. కళ్యాణమండపములు వచ్చిన తరువాత ఆ చేతులన్నియు అతిథుల చేతులైపోయినవి. ఉద్యోగము నిమిత్తము ఢిల్లీకో, నోయిడాకో, గురుగ్రామమునకో వచ్చిన కుటుంబమునకు మేనమామలు, పెదతల్లులు 1,500 కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉందురు. ఇక్కడ ఆ చేతులుగా నిలువవలసినవారు సంఘస్థులు, ప్రక్కయింటివారు, కార్యాలయపు మిత్రులు. పెరడు కూడ అందరికి ఉండదు. నేల అంతస్తులో ఉన్న సహోదరుని వెనుక గడ్డినేలయైనను, ప్రభుత్వ క్వార్టరు ఆవరణమైనను, అనుమతి పొందిన మేడమీది డాబాయైనను చాలును.

ఇంటి వివాహమునకు చట్టమున ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. దీనిని చాలమంది ఎరుగరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము, లైసెన్సు పొందిన కాపరికి ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇయ్యవలెను. వివాహము సొంత నివాసమున జరుగునట్లయిన ఆయన దానిని జిల్లా వివాహ రిజిస్ట్రారునకు పంపును. అది ఆ కార్యాలయమున అంటింపబడును. అటుపిమ్మట కాపరి ఇచ్చు ధ్రువపత్రము, రెండు నెలలలోపల వివాహము జరుగనియెడల చెల్లదు. ప్రమాణములు ఉదయము 6 గంటలకును సాయంకాలము 7 గంటలకును మధ్య జరుగవలెను. కాపరి గాక ఇద్దరు సాక్షులైనను ఉండవలెను. కొన్ని సంఘముల క్రమము దేవాలయములోనే ప్రమాణములు కోరును. అట్టివారు అక్కడ ప్రమాణములు చేసి, విందునకు పెరటికి రావచ్చును.

దినమును ఏర్పరచుకొనుటలో ఢిల్లీ ఋతువులు సగము నిర్ణయము చేయును. నవంబరులో పొగ, డిసెంబరు జనవరి నెలలలో మంచుచేత రైళ్ల ఆలస్యము, మే నెలలో నిలువరాని ఎండ. అక్టోబరును ఫిబ్రవరియు అనుకూలములు. ఫిబ్రవరిలోనైతే శ్రమకాలము ఎప్పుడు ఆరంభమగునో కాపరిని అడుగవలెను. 2024 నవంబరు నుండి రైలు టిక్కెట్లు ప్రయాణమునకు 60 దినముల ముందు మాత్రమే తెరువబడుచున్నవి గనుక, ఊరినుండి రావలసిన నాయనమ్మకు తేదీ అంతకంటె ముందే తెలియవలెను.

కష్టమైనది పిలుపుల పట్టిక. నలుబదిమందిని పిలిచిన ఇంటివారికి పిలువబడని నాలుగువందలమంది బంధువులుందురు. ‘మా పిల్ల పెండ్లికి మీరందరును వచ్చితిరి, మీ పిల్ల పెండ్లికి మేము పనికిరాకపోతిమా?’ అను మాట న్యాయమైనదే. దానికి అచ్చువేసిన కార్డు జవాబు కానేరదు. తండ్రి స్వహస్తముతో ఉత్తరము వ్రాసి, కారణము దాచక చెప్పి, సెలవులలో స్వగ్రామమున ఒక ప్రార్థనకూటము పెట్టి, దంపతులను అక్కడికి తీసికొనిపోవలెను. పట్టికను కుదించునప్పుడు ఎవరి పేర్లు మొదట కొట్టివేయబడుచున్నవో చూచుకొనవలెను. లూకా 14లో ప్రభువు చెప్పిన క్రమము ప్రకారము చూడగా, తిరిగి పిలువలేని విధవరాలి పేరు కొట్టివేసి, పై అధికారి పేరు నిలుపుకొన్న పట్టిక చిన్నదైనను ఆడంబరమైనదే. అప్పుచేసి మండపము తీసికొన్నవాడు ఆ అధ్యాయములోని గోపురము కట్టువాని లెక్కను మరచినట్లే, ఇతరుల ఓపికను లెక్కింపక పనులు పంచువాడును ఆ లెక్కనే మరచుచున్నాడు.

పనులు పంచుటలో మన చదివింపుల అలవాటు చొరబడకుండ కాచుకొనవలెను. ఎవరు ఎంత చదివించిరో పుస్తకములో వ్రాసికొని, మరల వారింటి శుభకార్యమున తీర్చుట తెలిసినదే. ఒకరు పులిహోర కలిపిరి, ఒకరు కుర్చీలు మోసిరి అని మనస్సులో పద్దు వ్రాసికొన్నయెడల స్నేహము బాకీగా మారును. అడుగువారు కాదనుటకు వీలిచ్చి అడుగవలెను. పని చిన్నదై, దాని వేళ స్పష్టమై యుండవలెను: ‘సహాయము చేయుడి’ అనక, ‘శనివారము నాలుగింటికి రెండు బల్లలు తేగలరా?’ అని అడుగవలెను. నలుబదిమందికి నాలుగైదు కిలోల బియ్యపు అన్నము చాలును. అది రెండు ఇండ్ల పొయ్యిలపై వండవచ్చును. గిన్నెలు తోముటకు మాత్రము కూలి ఇచ్చి ఇద్దరిని పెట్టుకొనుట మేలు; ఆ పనిని స్నేహము పేరిట ఎవరిపైనను వేయరాదు.

ఇంటి పెండ్లిలో ఎక్కువగా నష్టపోవునది పెండ్లికుమార్తె తల్లి. అతిథులందరును ప్రమాణములు విందురు. ఆమె చెవికి వంటింటి గరిటెల చప్పుడు మాత్రమే వినబడును. కనుక ముందు దినముననే వంట బాధ్యతను ఆమె చేతినుండి తీసి, పేరుపెట్టి వేరొకరికి అప్పగింపవలెను. కాపరి లేచి నిలిచిన వెంటనే పొయ్యిలన్నియు ఆర్పివేయవలెను. వంటింటివారందరును చేతులు తుడుచుకొని పందిరి క్రిందికి వచ్చి కూర్చుండవలెను. తల్లి కొరకు ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచవలెను. అన్నము అరగంట ఆలస్యమగును.