లోగో కాదు, హోదా చూడండి

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో ఇంటర్ ఎంఈసీ చదువుతోంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ అవుతానంటోంది. ఏ కాలేజీలో చేర్పించాలి?
– ఒక తండ్రి, కడప

జవాబు: బోరు వేసేముందు పక్క పొలంలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో అడుగుతాం కదండీ, కాలేజీ సంగతీ అంతే. బ్రోచరులో బ్యాంకు లోగో చూసి మురిసిపోకండి. గత మూడేళ్లలో ఎంతమందిని, ఏ హోదాలో తీసుకున్నారో అడగండి. హైదరాబాద్‌లో గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్ ఆఫీసులున్నా, అక్కడ ఎక్కువగా ఉండే టెక్నాలజీ, ఆపరేషన్స్ కొలువులు వేరు. కంపెనీల విలీనాలు, షేర్ల జారీ చూసే అసలైన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కొలువులు వేరు. ఈ రెండో రకానికి మనదేశంలో కేంద్రం ముంబై.

ఇంటర్ కాగానే సీయూఈటీ రాస్తే ఢిల్లీ శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌కు, ఐపీమ్యాట్ రాస్తే ఇందౌర్ ఐఐఎం అయిదేళ్ల కోర్సుకు ప్రయత్నించవచ్చు. దూరం పంపలేకపోతే కడపలోనే బీకాం, దాంతోపాటు సీఏ చదివించండి. తర్వాత క్యాట్ రాసి పెద్ద ఐఐఎంలో చేరినా ఆలస్యం కాదు.