కోడిపిల్లల షెడ్డులో గ్యాసు హీటరు: గాలి స్విచ్చి లోపములు, సవరణలు



ఒక్కరోజు కోడిపిల్లలకు మొదటి వారమున సుమారు 33 నుండి 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. చలికాలపు రాత్రి ఈ వేడి తప్పినచో పిల్లలు ఒకదానిపై ఒకటి గుమిగూడి, ఊపిరాడక చనిపోవును. అందువలన పెద్ద షెడ్లలో ఫ్యానుతో వేడిగాలిని నెట్టు గ్యాసు హీటర్లు వాడుచున్నారు. ఇట్టి హీటరు నడిరాత్రి ఆగినప్పుడు నింద గాలి స్విచ్చి మీద పడుట సహజము. కాని చాల సందర్భములలో తప్పు దానిది కాదు.

ఒక చలికాలమున ఒక రైతు మమ్ము పిలిపించెను. హీటరు వెలిగిన కొద్ది నిమిషములకే ఆరుచుండగా, విసిగిన ఆయన గాలి స్విచ్చి తీగలు రెండింటిని కలిపి ముడివేసెను. హీటరు ఆగక మండెను. మేము వెళ్ళునప్పటికి ముందరి రేకు కమిలి నల్లబడియున్నది. దానికి మూరెడు దూరములో ఎండిన ఊక! గాలి పీల్చు జల్లెడ విప్పగా ఈకల నూగు, దుమ్ము దట్టముగా పట్టియున్నవి. గాలి చాలుట లేదని స్విచ్చి చెప్పినది నిజమే. ఆ నిజమును వినక నోరు మూసితిమి, అంతే.

స్విచ్చి చేయు పని

చాల హీటర్లలో ఇది చిన్న గుండ్రని డబ్బీ. లోపల పలుచని పొర యుండును. సన్నని గొట్టము ద్వారా ఫ్యాను గాలి ఒత్తిడి ఈ పొరకు చేరును. కొన్ని హీటర్లలో దీనికి బదులు గాలి దారిలో చిన్న రేకు వ్రేలాడును.

థర్మోస్టాటు వేడి కోరగనే, చాల హీటర్లలో కంట్రోలు పెట్టె మొదట స్విచ్చి విడివడి యున్నదో లేదో చూచును. తరువాత ఫ్యాను తిరుగును. గాలి చాలినచో స్విచ్చి కలియును. అప్పుడే నిప్పురవ్వ పుట్టి, గ్యాసు వాల్వు తెరచుకొనును. కనుక ఫ్యాను తిరుగుచున్నను మంట రానిచో స్విచ్చి కలియుట లేదేమో చూడవలెను. కరెంటు ఉండియు ఫ్యానే కదలనిచో స్విచ్చి కలిసిన చోటనే అతుకుకొనిపోయి యుండవచ్చును.

వరుసగా చూడవలసినవి

ముందుగా సిలిండరు వాల్వు కట్టి, మెయిను స్విచ్చి తీసివేసి, హీటరు చల్లారనిండు.

1. గాలి దారి: జల్లెడ, ఫ్యాను రెక్కలు శుభ్రపరచుడు. రెక్కలకు దుమ్ము పేరుకొన్నను గాలి తగ్గును. వేడిగాలి సంచి గొట్టము ఎక్కడైన నలిగినదేమో చూడుడు.

2. ఫ్యాను: బెల్టు వదులైనను, ఓల్టేజి తగ్గినను వేగము పడిపోవును. మూడు ఫేజుల మోటారైనచో, లైను మరమ్మతు తరువాత ఫేజులు తారుమారై వెనుకకు తిరుగవచ్చును. పొలములో పంపు మోటారుకు జరుగునదే ఇదియును. వెనుకకు తిరిగినను కొంత గాలి వచ్చును గనుక మోసపోరాదు. కవరుపై గల బాణపు గుర్తుతో సరిచూడుడు.

3. సన్నగొట్టము: ఊడినదా, పగిలినదా, లోపల పురుగు గూడు, నీటి చెమ్మ ఉన్నవా చూడుడు. ఊదదలచినచో రెండు కొనలు ఊడదీసి ఊదవలెను. డబ్బీలోనికి ఊదినచో పొర చిరుగును.

4. రేకు రకము: రేకు వ్రేలితో నెట్టిన తేలికగా కదలి, వదలిన వెంటనే వెనుకకు రావలెను. వంగినదానిని సరిచేయక మార్పించుడు.

5. తీగల కొనలు: షెడ్డులోని అమ్మోనియా వాయువు రాగిని తినివేయును. పచ్చని చిలుము పట్టిన కొనలను మార్పించవలెను.

ఇవన్నియు సరిగానున్నను హీటరు వెలుగనిచో, తెలిసిన మెకానిక్కును పిలువుడు. అతడు గ్యాసు కట్టియుంచి మీటరుతో పరీక్షించును: ఫ్యాను ఆగినప్పుడు స్విచ్చి విడివడవలెను, తిరిగినప్పుడు కలియవలెను. అట్లు కానిచో స్విచ్చియే చెడినది. అదే ఒత్తిడి అంకె గల కొత్తది వేయించుడు. మర త్రిప్పి సర్దుబాటు చేయుట మన పని కాదు.

ఎన్నడును చేయరాని పని

స్విచ్చి తీగలను కలుపరాదు, ఒక్క రాత్రికైనను. కలిపినచో ఫ్యాను ఆగినను గ్యాసు మండుచునే యుండవచ్చును. మంట బయటికి తన్ని ఊక అంటుకొనవచ్చును. గాలి చాలని మంట నుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లలనే కాక కాపలా పండుకొన్న మనిషిని కూడ చంపగలదు. చలి యని పరదాలన్నియు మూయక, పైభాగమున గాలి సందు విడువవలెను.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలబారున నిలుచును. వాసన వచ్చినచో ఏ స్విచ్చియు వేయరాదు, తీయరాదు. వీలున్నచో సిలిండరు కట్టి, పరదాలెత్తి, అందరును బయటికి రావలెను.

ముందు జాగ్రత్త

ప్రతి బ్యాచి దిగుటకు ముందు జల్లెడ, రెక్కలు, గొట్టము శుభ్రపరచి, హీటరును ఒక పూట నడిపి చూడుడు. పిల్లలున్నన్ని దినములు జల్లెడను ప్రతి ఉదయము దులుపుడు. హీటరు ఆగిన రాత్రికై బల్బుల బ్రూడరును సిద్ధముగా నుంచుకొనుడు. ఆ ఏర్పాటున్న రైతుకు తీగలు ముడివేయవలసిన తొందర కలుగదు.