దింపిన కాయ మన తీరిక చూడదు

నూజివీడు పక్క పల్లెలో కాపురానికొచ్చి యాభై ఐదేళ్ళు దాటింది. పెరట్లో రెండు చిన్న రసాలు, ఒక బంగినపల్లి, ఊరగాయకి పనికొచ్చే నాటు పుల్లకాయ చెట్టొకటి, గోడవారన ఒక పనస. తోట అనుకునేంత లేదు. కానీ రోహిణి కార్తె ముగిసి మృగశిర వచ్చే ఆ పది పదిహేను రోజులు నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. అప్పుడు నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. చాలావరకు తప్పులు చేసి నేర్చుకున్నవే.

1. మొదటి చినుకుకి ముందే చెట్టు ఖాళీ చెయ్యాలి.

జూన్ మొదటి వారంలో మబ్బు కనిపిస్తే నేను కాయ వంక కాదు, ఈగ వంక చూస్తాను. తడి తగిలితే పండు ఈగ ఎగబడుతుంది. తొక్క కింద గుడ్లు పెట్టి పోతుంది. పైకి సూదిమొన అంత చుక్క, కోస్తే లోపల పురుగులు. కింద రాలిన కాయల్ని 'ఎండిపోతాయిలే' అని వదిలేసేదాన్ని. వాటిలోని పురుగులు మట్టిలోకి దిగి, మళ్ళీ ఈగలై పైకొస్తాయని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు రాలినవన్నీ పొద్దున్నే ఏరి మోకాలి లోతు గుంటలో పూడుస్తాం.

2. తొడిమతోనే కొయ్యాలి.

కాపురానికొచ్చిన ఏడే, చిక్కం చేతిలో ఉన్నా, దానితో ఎందుకులే అని అందిన కాయని పుటుక్కున లాగాను. సొన చింది చెంప మీద పడింది. రెండో రోజుకి పొక్కింది, నల్లమచ్చ పోవడానికి నెల పట్టింది. మా అత్తగారు తిట్టలేదు, కొబ్బరినూనె గిన్నె తెచ్చి ముందు పెట్టారు. తొడిమ వేలెడు ఉంచి కోసి, దింపాక దాన్ని పొట్టిగా తుంచి, గోనె మీద కాయని తలకిందులుగా నిలబెడితే సొనంతా కారిపోతుంది. సొన తొక్కకి అంటితే మచ్చపడి, అక్కడే కుళ్ళు మొదలవుతుంది. తినే ముందు ఒక గంట నీళ్ళలో వేయండి, పిల్లల మూతులు పొక్కవు.

3. దింపిన సాయంత్రమే నాలుగు కుప్పలు చెయ్యాలి.

ఈ ఒక్కటి పాటిస్తే సగం నష్టం ఉండదు. దెబ్బ తగిలినవి ఒక కుప్ప. వాటిని ఆ రాత్రే తొక్కుపచ్చడి చేస్తాను, లేకపోతే పప్పులో వేస్తాను. ముదిరిన పుల్లకాయలు ఊరగాయకి. లేతగా వచ్చినవి ముక్కలు కోసి ఒరుగులకి. పండవలసినవి గడ్డిలోకి. ముదిరిందో లేదో తెలియకపోతే బకెట్ నీళ్ళలో వదలండి. ముదిరినది మునుగుతుంది, లేతది తేలుతుంది. తేలినదాన్ని ఎంత మాగబెట్టినా పుల్లగానే చస్తుంది.

'రేపు వేరు చేద్దాంలే, నడుం నొప్పి' అన్నానొకసారి. ఒకే గంపలో దెబ్బకాయ పక్కన మంచికాయలు పడుకున్నాయి. మూడో రోజు గంపలోంచి కల్లు వాసన వచ్చింది.

4. ఆవకాయకి తడే శత్రువు.

మా ఇంటి కొలత ఇది: నాలుగు గిన్నెల ముక్కలకి ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఎండబెట్టి దంచిన కళ్ళుప్పు ముప్పావు, పప్పునూనె రెండు. ముక్కకి టెంక ఉండాలి. జీడి తీసేసి, దాని మీదుండే కాగితంలాంటి పొరని కూడా గుడ్డతో తుడవాలి. అక్కడే నేను ఒక ఏడు మోసపోయాను. తుడిచిన గుడ్డ సరిగా ఆరలేదు. ఆషాఢం నాటికి జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు. పదిహేను కాయల ఊరగాయ ఎరువుగుంటలో పోశాం. మూడో రోజు తిరగ కలిపినప్పుడు నూనె ముక్క మీదకి తేలకపోతే, మొహమాటపడకుండా మరికాస్త పొయ్యండి.

5. తాండ్ర మీద కునుకు తియ్యకండి.

రసాలు బాగా పండి, ఇక తినలేం అనిపించినప్పుడు తాండ్రకి దిగుతాను. గుజ్జు పిండి, పీచు పోయేలా పల్చటి గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి చాప మీద పల్చగా పోస్తాను. ఆ పొర ఎండి వేలికి అంటకుండా అయ్యాకే దాని మీద ఇంకొకటి. అలా వారం పైనే పడుతుంది. మంచం మీద చాప, మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. లేకపోతే చీమలు మనకంటే ముందు రుచి చూస్తాయి. ఆత్రేయపురం తాండ్ర అంత నున్నగా మాది రాదు. ఎంత వడగట్టినా కాస్త పీచు నాలిక్కి తగులుతుంది, నాకదే ఇష్టం.

ఒక ఏడు ఆరో పొర పోసి మధ్యాహ్నం నడుం వాల్చాను. నిద్రలోనే చల్లటి గాలి. లేచి పరుగెత్తేసరికి మంచం కింద నీళ్ళ గిన్నెలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. మా ఆయన చాప అంచు చూసి, ''చీమలకి పండగే'' అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు.

6. గడ్డికి ఓపిక కావాలి.

గదిలో వరిగడ్డి పరిచి, కాయలు ఒక్క వరసే పేర్చి, పైన మళ్ళీ గడ్డి. మధ్యలో పండినదొకటి పెడితే దాని ఆవిరికి మిగతావి త్వరగా తిరుగుతాయి. రోజూ చెయ్యి పెట్టి చూడాలి, మెత్తబడింది ముందు తీసెయ్యాలి. బజారులో ఒక వ్యాపారి దగ్గర ఒకసారి మెరిసిపోయే పసుపు కాయలు కొన్నాను. కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పచ్చి. కార్బైడ్‌తో పండించడాన్ని 2011 ఆహార భద్రత నిబంధనల్లో నిషేధించినా ఆ రోజు నా చేతికొచ్చింది అలాంటిదే అని నా అనుమానం.

7. పనస కొయ్యాలంటే చేతులకి నూనె, కత్తికి నూనె. అంతే. తొనలు పిల్లలకి, పిక్కలు నాకు. నిప్పుల్లో కాల్చుకుని ఉప్పు అద్దుకుంటాను.

8. ఒరుగులు విరిగితేనే డబ్బాలోకి.

ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన ముక్క వంగితే లోపల తడి ఉన్నట్టే. పుటుక్కుమనాలి. శ్రావణంలో కూరలు దొరకనప్పుడు నాలుగు ముక్కలు వేడినీళ్ళలో వేసి పప్పులో పడేస్తే చాలు.

నిన్న మనవడు గోడ మీది చేటలోంచి ఒకటి తీసి వంచి చూశాడు. ''నాయనమ్మా, ఇది రబ్బరులా సాగుతోందే'' అన్నాడు. పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. చేట వసారాలోకి తెచ్చాం. ఇంకో రెండు ఎండలు కావాలి.